నాలుగు వేల డెబ్బై తొమ్మిది పోగులు

పడుగు పోసే పనిలోనే నా జుట్టు నెరిసింది. ఇప్పుడు ముంబయి పక్కన భివండీలో ఆ పని చేస్తున్నవాళ్లు తెర మీద పోగుల సంఖ్య కొట్టి, మీట నొక్కి, చాయ్‌కి పోతున్నారు. పోనీయండి, నాకు కడుపుమంట లేదు. అయితే మొన్నీమధ్య అంజూర్ ఫాటా దగ్గర ఒక సూపర్‌వైజర్ కలిశాడు. మన తెలుగువాడే, కొత్త మిషన్ల మీద పని. మాటల మధ్యలో, "సంఖ్య ఏదైతే ఏంది కాకా, మిషన్‌కు అన్ని ఒక్కటే గద" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. అన్నీ ఒక్కటి ఎట్లా అవుతాయి? లొంగే సంఖ్యలుంటాయి, లొంగని సంఖ్యలుంటాయి. లొంగని సంఖ్య ఒకటి మా కార్ఖానా మెడ మీద ఎక్కి కూర్చున్న సంగతి చెబుతాను. పనికొస్తే ఉంచుకోండి, రాకపోతే ముసలాడి చాదస్తం అనుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. భివండీలోనే నార్పోలిలో ఎనిమిది సాంచాల కార్ఖానా మాది. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. యజమాని మాలాగే కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. తను కూడా చాలాకాలం పరాయి సాంచాలు నడిపి, తర్వాత ఒక్కొక్కటిగా సొంతం చేసుకున్నాడు. అందుకని సేఠ్ అని ఎవరమూ పిలిచేవాళ్లం కాదు, అన్నా అనేవాళ్లం. ఆయనకు కోపం ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగా పోయేది. పోయాక మనమే ఏదో అన్నట్టు మనవైపు బిక్కమొహం వేసుకుని చూసేవాడు.

కాలం బాగాలేదు. చుట్టుపక్కల కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సాంచాలను భంగార్ కింద, అంటే తుక్కు ఇనుము కింద, తూకానికి అమ్మేస్తున్నారు. వాటిని నడిపినవాళ్లు కాల్హేర్ గోదాముల్లో బస్తాలెత్తడానికి పోతున్నారు. నా నడుము అప్పటికే బస్తాల వయసు దాటిపోయింది. ఒకరోజు భంగార్ వ్యాపారి మా కార్ఖానాకు కూడా వచ్చాడు. సాంచాల చుట్టూ తిరిగి, చేత్తో తట్టి చూసి వెళ్లాడు. పెళ్లిచూపులకు వచ్చినట్టు చూస్తున్నాడని వైపని అక్క వాడి వెనకే తిట్టిపోసింది. వైపని అంటే పడుగులోని ఒక్కొక్క పోగునూ సాంచాలోకి ఎక్కించే పని. ఆ అక్కది మావైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ప్రార్థన ఎంత శ్రద్ధగా చేసేదో పోగులు అంత శ్రద్ధగా ఎక్కించేది. తిట్లలోనూ అదే శ్రద్ధ.

ఆ సాయంత్రం అన్న అందరినీ పిలిచాడు.

"ముంబయి పార్టీది ఒక ఆర్డర్ వచ్చింది. ముందు నమూనా గుడ్డ నేసి చూపియ్యాలె. అది పాసైతే ఏడాది పొడుగు పని ఇస్తరట. పాస్ గాకపోతే ఇగ నాతోని గాదు, సాంచాలు భంగార్‌కు ఇచ్చేస్త. అందరు ఇనుర్రి, మల్ల చెప్పలేదనద్దు."

వైపని అక్క ఒక్కతే, "పాస్ ఎందుకు గాదు? జేస్తం" అంది.

అది విదేశాలకు పోయే పరదాల గుడ్డ. చారల డిజైన్. సరిగ్గా నడిమధ్యలో ఒకే ఒక ఎర్ర పోగు. అక్కడి నుంచి ఎడమకు ఏ రంగు తర్వాత ఏ రంగు వస్తుందో కుడికీ అదే వరస, అద్దంలో చూసినట్టు. ఆ ఎర్ర పోగు మీదే దర్జీలు మడత పెట్టి కత్తిరిస్తారు. ఒక్కో పక్క రెండు వేల ముప్పై తొమ్మిది పోగులు, మధ్యలో ఒకటి. మొత్తం నాలుగు వేల డెబ్బై తొమ్మిది.

ఇక్కడ నా పని కొంచెం చెప్పాలి. వేల పోగులను ఒకేసారి చుట్టలేం. చట్రానికి పట్టినన్ని నూలు ఉండలు బిగించి, వాటి పోగులన్నిటినీ ఒక పట్టీగా పెద్ద డ్రమ్ముకు చుడతాం. దాని పక్కనే ఇంకో పట్టీ, దాని పక్కన ఇంకోటి. పట్టీలన్నీ సమానంగా వస్తే పని సాఫీగా పోతుంది. కాబట్టి పడుగు పోసేవాడు ఏ సంఖ్య విన్నా ముందు దాన్ని ఎన్ని ముక్కలుగా పంచవచ్చో చూస్తాడు. మా దృష్టిలో సంఖ్యలు రెండే రకాలు, పంపకానికి వచ్చేవి, రానివి. రానివాటిని మేం మొండి నంబర్లు అనేవాళ్లం. మొండివాటికి మందు కూడా మా దగ్గర ఉండేది. ఒకటో రెండో పోగులు కలిపి దారికి తెచ్చేవాళ్లం. భివండీలో పడుగు పోసిన ప్రతివాడూ చేసిన పనే అది, ఎవరూ తప్పనుకోలేదు.

"అన్నా, ఇది పంచబడుతలేదు" అన్నాను.

"ఒకటి కలుపు. నాలుగు వేల ఎనభై జెయ్యి. పన్నెండు పట్టీలు, ఒక్కోదానికి మూడు వందల నలభై. ఒక్క పోగు ఎక్కువైతే కొంప మునుగుతదా?"

కలిపాను. మధ్యలో ఎర్ర పోగులు రెండయ్యాయి. గుడ్డ చూడడానికి నదురుగానే ఉంది. పార్టీ తరఫున చెకింగ్‌కి వచ్చినాయన మితభాషి, మెడలో భూతద్దం వేలాడేసుకుని తిరిగేవాడు. గుడ్డ పరిచి, ఎర్రచార దగ్గర వంగి, భూతద్దం పెట్టి చూసి లేచి నిలబడ్డాడు.

"బీచ్ మే దో తార్ హై" అన్నాడు. మధ్యలో రెండు పోగులున్నాయని. "ఒక దర్జీ ఎడమది చూసి మడుస్తాడు, ఇంకొకడు కుడిది చూసి మడుస్తాడు. ఒక కిటికీకి వేసిన రెండు పరదాలూ కలవవు. ఒకటి అంటే ఒకటే."

ఇంకో అవకాశం ఇచ్చి వెళ్లాడు. అన్న కోపం నా మీదికి రాబోయి, కలపమన్నది తనే అని గుర్తొచ్చి, చాయ్ గ్లాసు మీదికి పోయింది. గ్లాసు పగిలింది.

సరే, నాలుగు వేల డెబ్బై తొమ్మిదినే పొయ్యాలి. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? దీన్ని సమానంగా పంచే దారి ఏదో ఒకటి ఉండే ఉంటుంది, నాకే కనబడడం లేదు అనుకున్నాను. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం సాంచాలన్నీ ఆగాయి. నేను సుద్దముక్క పట్టుకుని నేల మీద కూర్చున్నాను. రెండుతో పోదు, అయిదుతో పోదు. అంకెలు కూడితే ఇరవై, కాబట్టి మూడుతో పోదు. ఏడుతో భాగిస్తే అయిదు మిగిలింది. పదకొండుతో తొమ్మిది మిగిలింది. పదమూడుతో పది. పదిహేడు దగ్గర ప్రాణం లేచొచ్చింది గానీ, ఒక్క పోగు తక్కువైంది. నాకు పంతం పెరిగింది.

అన్న కూతురు బాపుకు అన్నం డబ్బా తెచ్చి నన్ను చూసింది. మరాఠీ బడిలో చదివి, అప్పుడు కాలేజీలో లెక్కలు చదువుతున్న పిల్ల. మూడు భాషలు కలిపి మాట్లాడేది.

"ఏం దేవులాడుతున్నవ్ కాకా?"

"దీన్ని పంచే నంబరు."

ఆ అమ్మాయి నా పక్కనే కింద కూర్చుంది. ఇంకో సుద్దముక్క తీసుకుంది. ఇద్దరం పంతొమ్మిది, ఇరవై మూడు, ఇరవై తొమ్మిది అనుకుంటూ పోయాం. ప్రతిసారీ ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. అరవై ఒకటి దగ్గర ఆమె సుద్ద పక్కన పెట్టేసింది.

"బస్ కాకా. ఇగ చూసుడు అక్కర్లేదు."

"అదేంది? అరవై ఏడు ఉన్నది, డెబ్బై ఒకటి ఉన్నది."

"అరవై నాలుగును అరవై నాలుగుతోని గుణిస్తే నాలుగు వేల తొంభై ఆరు. మన నంబర్ దాటిపోయింది. అంతకన్న పెద్దదానితోని పంచబడాల్నంటే, ఇవతల ఒక చిన్నదానితోని గూడ పంచబడాలె గద. చిన్నయన్ని చూసినం. హీ మూళ్ సంఖ్యా ఆహే. ఒకటితోని, తనతోని తప్ప ఎవలతోని పంచబడది."

మరాఠీ వాళ్లు మూళ్ సంఖ్య అనేదాన్ని మా ఊరి బడిలో ప్రధాన సంఖ్య అని చెప్పినట్టు గుర్తు. అప్పుడు అదెందుకో అర్థం కాలేదు. నార్పోలిలో నేల మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. అంత పెద్ద సంఖ్య, వేలల్లో ఉన్నది, ఎవరికీ వాటా ఇవ్వకుండా ఒంటిగా నిలబడి ఉంది. దాని పక్కింటి నాలుగు వేల ఎనభై చూడండి. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, పదిహేను, పదహారు, పదిహేడు, ఎవరొచ్చినా తలుపు తీస్తుంది. ఆ అమ్మాయి కూర్చుని రాస్తే దాన్ని పంచే సంఖ్యలు నలభై తేలాయి. ఒక్క పోగు తేడాలో ఇంత తేడా.

"నడుమ పోగు తీసేస్తే?" అన్నాను. "ఒక్కో పక్క రెండు వేల ముప్పై తొమ్మిది. దాన్ని పంచుదాం."

మళ్లీ మొదలుపెట్టాం. అదీ మొండిదే. ఆమెకు హుషారు వచ్చింది. దాంట్లోంచి ఒకటి తీసి సగం చేసింది. వెయ్యిన్నీ పంతొమ్మిది. అదీ మొండిదే. మళ్లీ ఒకటి తీసి సగం చేస్తే అయిదు వందల తొమ్మిది. అదీ అంతే. ఇంకోసారి చేస్తే రెండు వందల యాభై నాలుగు వచ్చి, అప్పుడు దిగొచ్చింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

"కాకా, ఒకటి తీసి సగం జేస్తే అది గూడ మూళ్ సంఖ్యే అయితే, పెద్దదాన్ని సేఫ్ ప్రైమ్ అంటరని మా సర్ చెప్పిండు. రహస్యాలు దాచెటందుకు గిసొంటియే వాడుతరట, గని ఇంకా శాన పెద్దయి."

"సేఫా?" అన్నాను. "మన నౌకరీలకే సేఫ్ లేదు బిడ్డా."

నవ్వాం గానీ, ఆ రోజుతో నా వెతుకులాట ఆగింది. దారి కనబడకపోవడం వేరు, దారి లేదని తెలియడం వేరు. లేదని తెలిశాక మనిషి ఉన్నదానితో పని మొదలుపెడతాడు. ఆరు పట్టీలు మూడు వందల నలభై చొప్పున, ఆరోదాని చివరి పోగు ఎర్రది. ఏడో పట్టీ మూడు వందల ముప్పై తొమ్మిది. తర్వాత అయిదు మళ్లీ మూడు వందల నలభై. ఒక్క పట్టీ ఒక్క పోగు తక్కువ, అంతే.

తర్వాత చిక్కు వైపని అక్కది. పోగులను దువ్వెనలా వరసలో పట్టి ఉంచే ఫణి ఒకటి సాంచాకు ఉంటుంది. దాని ఒక్కో సందులో రెండు పోగులు పోవాలి. మొత్తం బేసి సంఖ్య అయితే ఎక్కడో ఒకటి ఒంటిగా మిగులుతుంది. అక్క కాసేపు పోగుల వైపు చూసి తనే తేల్చింది.

"అంచుల సందుల్ల మూడు మూడు వేస్త. అంచుకు బలమే. మిగిలినయి జంటలు వోతయ్. ఎర్రది దాని సందుల అదొక్కతే ఉంటది. రెండు పేటల నూలు ఇయ్యి, తెగది."

లెక్క చూసుకున్నాను. అటు మూడు, ఇటు మూడు, నడుమ ఒకటి, మిగతావన్నీ జంటలు. ఒక్క పోగు కూడా వెలితి లేదు, ఎక్కువా లేదు. రెండో నమూనా సాంచా ఎక్కింది.

అదీ ఫెయిలైంది. చెకింగ్ సాబ్ భూతద్దం పెట్టి, రెండు వేళ్లు చూపించాడు. మధ్యలో మళ్లీ రెండు ఎర్ర పోగులు!

నేను ఒకటే చుట్టాను, అక్క ఒకటే ఎక్కించింది. రెండోది ఆకాశం నుంచి ఊడిపడిందా? అప్పుడు సాంచా నడిపే భయ్యా ముందుకు వచ్చాడు. ఉత్తరాది మనిషి, మా కార్ఖానాలో అతనంత నేర్పరి లేడు. మొహం వెలిగిపోతూ చెప్పాడు.

"ఏక్ తార్ టూటా థా. మైనే జోడ్ దియా."

ఒక పోగు తెగి ఉంది, నేనే అతికాను అంటున్నాడు. సందులో ఒంటి పోగు కనబడగానే, జోడు తెగిపోయింది అనుకున్నాడు. సాంచా వెనక ఎర్రనూలు ఉండ ఒకటి వేలాడదీసి, ఆ సందులోకి రెండో పోగు తెచ్చి ఇచ్చాడు. మంచి పనివాడు ఎవడైనా అదే చేస్తాడు. అతనికి ముందుగా చెప్పాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. తెగిన పోగును వదిలేసే మనిషిని భివండీలో ఎవరు పనిలో పెట్టుకుంటారు? అన్న అరవడానికి నోరు తెరిచి, అతని మొహం చూసి మళ్లీ మూసుకున్నాడు.

చెకింగ్ సాబ్ వెళ్తూ వెళ్తూ, ఇంకొక్కసారి చూస్తాను, అదే ఆఖరు అన్నాడు. అన్న ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. వెనక్కి తిరిగి, "జేద్దామా, ఇడిసిపెడదామా?" అని అడిగాడు. ఆయన అట్లా అడగడం అదే మొదటిసారి.

"నూలు ఉన్నది. జేద్దాం" అన్నాను. భయ్యాకు సంగతి అర్థమయ్యేలా చెప్పాను. అతను చెవులు పట్టుకున్నాడు. అక్క అతనికి చాయ్ పోసి ఇచ్చింది, తిట్టకుండా. అదీ మొదటిసారే.

మూడో పడుగు పోసిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నట్టే ఉంటుంది. ఆరు పట్టీలు చక్కగా వచ్చాయి. ఏడో పట్టీకి చట్రంలోంచి ఒక ఉండ తీసేశాను. వరసలో ఒక ఖాళీ. డ్రమ్ము తిప్పబోతూ వరస మీద చూపు పరిగెత్తించాను, అలవాటు ప్రకారం. ఖాళీ కనబడింది. నేను అనుకోలేదు, ఆలోచించలేదు. నా చెయ్యి తనంతట తనే కింద పెట్టిన ఉండను అందుకుని, కొస లాగి, ముడి వేయడానికి సిద్ధమైంది.

"తమ్మీ!"

ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్న అక్క అరిచింది. చెయ్యి ఆగింది.

"చెయ్యి తియ్యి," అంది. "అది తెగలే. అది లేదు."

భయ్యాను తిట్టని మేం ఎంత మంచి పని చేశామో అప్పుడు తెలిసింది. లేనిదాన్ని లేకుండా ఉంచడం ఎంత కష్టమో చేసి చూస్తే గానీ తెలియదు. నేను ఆ ఉండను అక్క ఒళ్లో పెట్టి, డ్రమ్ము తిప్పాను.

సాంచా దగ్గర భయ్యాది ఇంకో అవస్థ. పోగులు లాగే సన్నటి కొక్కెం ఎప్పుడూ అతని జేబులో ఉంటుంది. అది తీసి అన్న చేతిలో పెట్టాడు. "ఆప్ రఖో. మేరా హాథ్ నహీఁ మానేగా" అన్నాడు. మీరే ఉంచండి, నా చెయ్యి మాట వినదు అని. అన్న ఆ కొక్కెం పట్టుకుని సాంచా పక్కన నిలబడ్డాడు. పక్క పోగు ఏదైనా తెగితే భయ్యా చెయ్యి చాపుతాడు, అన్న ఇస్తాడు, అతికాక మళ్లీ తీసుకుంటాడు. మొత్తం గుడ్డ అట్లాగే నడిచింది.

సగం దాటాక కరెంటు పోయింది. వచ్చాక సాంచా ఒక్క కుదుపుతో మొదలైంది, ఠప్పుమని ఎర్ర పోగే తెగింది. భయ్యా సాంచా ఆపాడు. ఈసారి నిజంగా తెగింది. అయినా అతను ముట్టుకోలేదు. అన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఖాళీ సందు చూస్తూ నలుగురం బొమ్మల్లా నిలబడిపోయాం.

"అతుకు," అన్నాడు అన్న. "గిది అతకాలె. ఏక్. సిర్ఫ్ ఏక్."

భయ్యా ఒకే పోగు అతికాడు. కొక్కెం మళ్లీ అన్న చేతిలో పెట్టాడు.

చెకింగ్ సాబ్ వచ్చిన రోజు అన్న కూతురు కాలేజీ మానేసి వచ్చింది. ఆయన గుడ్డ పరిచాడు. భూతద్దం పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. తర్వాత గుడ్డను ఎర్ర పోగు మీద మడిచి, ఇటు చార మీద అటు చార పెట్టి, అంచు దాకా అరచేత్తో రాసుకుంటూ పోయాడు. అంచు మీద అంచు కూర్చుంది. ఆయన మడత విప్పి, గుడ్డ చుట్టి చంకలో పెట్టుకున్నాడు. పాస్ అని ఆ ఒక్క మాటే అన్నాడు.

గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. హిందీలోనే అడిగాడు. "ఇంత మంచి పనివాళ్లున్నారు. ఒకే ఒక్క పోగుకు మూడుసార్లు ఎందుకు పట్టింది?"

అన్న తన హిందీలో జవాబు చెప్పాడు. మాకు వినబడాలనేమో, వెంటనే తెలుగులో కూడా అన్నాడు.

"మావోళ్లకు ఖాళీ కనబడితే అతకకుండ ఉండుడు రాదు సాబ్. అది నేర్సుకునెటందుకు టైం బట్టింది."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. అక్క "స్తోత్రం ప్రభువా" అని ముక్కు చీదుకుంది. అన్న ఆ మధ్యాహ్నమే భంగార్ వ్యాపారికి రావద్దని కబురు పంపాడు.

మర్నాడు పొద్దున అసలు ఆర్డర్‌కు మొదటి పడుగు మొదలుపెట్టాను. ఎనిమిది సాంచాలూ కలిసి మోగుతున్నాయి. ఆరు పట్టీలయ్యాయి. ఏడో పట్టీ దగ్గర వరస మీద చూపు పరిగెత్తించాను, ఖాళీ కనబడింది, నా చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి ఎవరూ అరవలేదు. లేచిన చేతిని చూసి నేనే నవ్వుకుని, దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాను.